తలుపులోంచి వచ్చే పాట

మా అమ్మాయి నవ్వులన్నీ నాకు తెలుసనుకునేదాన్ని. బుగ్గ మీద ఊదితే ఒక నవ్వు, వాళ్ళ నాన్న నెత్తిన తువ్వాలు కప్పుకుని దాక్కుంటే ఇంకో నవ్వు. టెక్సస్‌లో మేముండే ప్లేనోలో ఒక మధ్యాహ్నం ఎర్ర లైటు దగ్గర కారు ఆపుకుని కూర్చున్నప్పుడు వెనక సీట్లోంచి వచ్చిన నవ్వు ఆ రెండూ కాదు. నేను అద్దంలో చూసేసరికి తను అరచేతిని పక్క కిటికీకి ఆనించి, కళ్ళు పెద్దవి చేసుకుని, ఒళ్ళంతా ఊగిపోయేలా నవ్వుతోంది.

పక్క లేన్‌లో నల్ల కారు ఒకటి ఆగి ఉంది. అందులో పాట మోగుతోంది. మాటలు తెలియడం లేదు, రాగం తెలియడం లేదు, నేల అడుగునుంచి ఎవరో రోకలితో పోట్లు వేస్తున్నట్టు దెబ్బ ఒక్కటే తెలుస్తోంది. ఆ దెబ్బకి మా కారు అద్దాలు కూడా జివ్వుమంటున్నాయి. ఇంకో రోజయితే విసుక్కుని కిటికీ సరిగ్గా మూసి ఉందో లేదో చూసుకునేదాన్ని.

అప్పటికి తనకి రెండేళ్ళు నిండలేదు. పుట్టిన ఆసుపత్రిలోనే వినికిడి పరీక్షలో ఏదో తేడా ఉందన్నారు. ఆ తర్వాత ఒక్కొక్క పరీక్షే చేస్తూ చేస్తూ, చివరికి తల లోపలి ఫొటోలు తీసి, చెవి నుంచి మెదడుకి వెళ్ళే నరం రెండు వైపులా సరిగ్గా తయారే కాలేదని తేల్చారు. చెవికి తగిలించే మిషన్ గానీ, ఆపరేషన్ చేసి లోపల పెట్టే మిషన్ గానీ ఆ నరం ఉంటేనే పనిచేస్తాయట. డాక్టరు చాలా మంచావిడ. నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. సైగల భాష నేర్పడానికి ఒక టీచర్‌ని ఇంటికి పంపే ఏర్పాటు చేసింది. నేనూ, మా ఆయనా, అమ్మాయీ ముగ్గురం కార్పెట్ మీద కూర్చుని పాలు, అన్నం, అమ్మ, ఇంకా కావాలి అని చేతులతో చెప్పడం నేర్చుకుంటున్నాం.

నేను కాలేజీ రోజుల్లో పాడేదాన్ని. గొప్పగా కాదు గానీ, ఎవరింట్లో పేరంటమైనా పిలిచి పాడించేవాళ్ళు. ఆ ఫొటోలు వచ్చిన రోజు నుంచి నా నోట పాట లేదు. ఇంట్లో సీడీలు కూడా పెట్టడం మానేశాం. ఎవరూ మానమని అనలేదు. తను వినలేనిది మేం వింటూ కూర్చోవడం ఆకలితో ఉన్న పిల్లని ఎదురుగా పెట్టుకుని తిన్నట్టుగా అనిపించేది, అంతే.

లైటు ఆకుపచ్చగా మారింది. నల్ల కారు ముందుకి పోయింది. అమ్మాయి అరచెయ్యి ఇంకా అద్దానికే ఉంది, కానీ నవ్వు ఆగిపోయింది. రెండు చేతుల వేళ్ళ కొనలూ కలిపి తాటించింది. ఇంకా కావాలి అని. అప్పటిదాకా ఆ సైగ తను పాలకీ బిస్కెట్‌కీ తప్ప వేరే దేనికీ చేయలేదు.

నేను కుడివైపు తిరగాల్సినదాన్ని తిరగలేదు. తిన్నగా ఆ కారు వెనకే వెళ్ళాను.

అది కొంతదూరం పోయి పెట్రోలు పోసే ఒక గ్యాస్ స్టేషన్‌లోకి తిరిగింది. పక్కనే ఆపి దిగాను. నడుపుతున్నవాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో. చుడీదార్ వేసుకుని చంకలో పిల్లతో తన వైపే వస్తున్న నన్ను చూసి, గొడవకి వస్తున్నాననుకుని, గబుక్కున సౌండ్ తగ్గించి సారీ చెప్పాడు. తగ్గించొద్దు, పెంచమని అడిగాను. అతనికి అర్థం కాలేదు. మా అమ్మాయికి చెవులు వినపడవు, కానీ మీ పాటకి నవ్వింది అని చెప్పాను. అతను నా వైపూ పిల్ల వైపూ మార్చి మార్చి చూశాడు. ఇంకేమీ అడక్కుండా కారు తలుపు బార్లా తీసి, తాళంచెవి తిప్పి సౌండ్ పెంచాడు.

నేను పిల్లని తలుపు దగ్గర నిలబెట్టాను. తను ముందు ఒక చెయ్యి పెట్టింది. తర్వాత రెండోది. తర్వాత చెంప ఆనించింది. నవ్వుతుందనుకున్నాను గానీ నవ్వలేదు. ఎవరో చాలా ముఖ్యమైన సంగతి చెబుతుంటే వింటున్నట్టుగా, కదలకుండా, నోరు కొంచెం తెరుచుకుని నిలబడింది. మా పిల్ల వింటున్నప్పుడు ముఖం ఎలా ఉంటుందో నేను అప్పుడే చూశాను. పాట అయిపోయేదాకా ఆ కుర్రవాడు కూడా కదల్లేదు. ఈ సెట్టు ఎక్కడ పెట్టించుకున్నావని అడిగితే, షాపు ఎక్కడుందో చెప్పి, అక్కడి పెద్దాయనతోనే మాట్లాడమన్నాడు.

సాయంత్రం మా ఆయన ఆఫీస్ నుంచి రాగానే చెప్పాను. మా ఆయనది వరంగల్. నెమ్మది మనిషి, ఏ సంగతైనా రెండుసార్లు చదివి గానీ నమ్మడు. అంతా విని, వణుకు తెలియడం వేరు, పాట తెలియడం వేరు అన్నాడు. వాషింగ్ మిషన్ మీద చెయ్యి పెట్టినా నవ్వుతుంది కదా అన్నాడు. తనకి కోపమేమీ లేదు. డాక్టర్ల దగ్గర ఒక్కో గది నుంచి ఒక్కో ఆశ మోసుకుని బయటికి రావడం, అది మళ్ళీ ఇంకో గదిలో వదిలెయ్యడం తనకి చాలైపోయింది.

"నువ్వు మళ్ల ఆశ పెట్టుకోకు," అన్నాడు. "పెట్టుకుంటే ఆగం అయ్యేది నువ్వే."

"నేను ఆశ పెట్టుకోలేదు. స్టీరియో పెట్టిద్దామంటున్నాను," అన్నాను.

దానికి తను నవ్వాడు. శనివారం వెళ్దామన్నాడు.

నా కారు అప్పటికే పాతది. దానితో వచ్చిన రేడియోలో ఒక స్పీకరే పలికేది, అది కూడా జలుబు చేసిన గొంతుతో. కార్లో పెట్టే పాటల సామానుకి ఇంత పెద్ద ప్రపంచం ఉంటుందని ఆ షాపులో అడుగుపెట్టేదాకా నాకు తెలియదు. ఒక గోడ నిండా నేల నుంచి కప్పుదాకా స్పీకర్లు. బొటనవేలంత చిన్నవి పైన, వాటి కింద సాసరంతవి, అన్నిటికన్నా అడుగున పళ్ళెమంతవి. వెనకవైపు రేకుల షెడ్డు. అందులో ఒక కారు ముందుభాగమంతా ఊడదీసి ఉంది. రోజూ చూసే డాష్‌బోర్డ్ వెనక రంగురంగుల తీగలు జడల్లా అల్లుకుని వేలాడుతున్నాయి.

షాపు పెద్దాయన ఆజానుబాహువు, నల్లజాతి మనిషి, గడ్డం నెరిసింది. ఏ పాటలు వింటారు అని నన్ను అడిగాడు. నాకు కాదు, దీనికి అని పిల్లని చూపించాను. సంగతంతా మా ఆయనే చెప్పాడు, నేను చెబితే ఎక్కువ చేసి చెబుతానని భయం కాబోలు. పెద్దాయన అంతా విన్నాక గోడ దగ్గరికి వెళ్ళి, పైనున్న చిన్న స్పీకర్లన్నిటికీ కనెక్షన్ ఆపేశాడు. అవి పలికేవి ఆ పిల్లకి అక్కర్లేదు అన్నాడు. లోతైన శబ్దాన్ని మాత్రమే పలికే పెద్ద స్పీకర్లని సబ్‌వూఫర్లంటారు. ఒక్కొక్కటీ ఒక్కో చెక్కపెట్టెలో బిగించి ఉన్నవి నాలుగైదు తెచ్చి, నేల మీద వరసగా పెట్టాడు. మమ్మల్ని పక్కకి జరగమని, పిల్లని వాటి ముందు వదిలెయ్యమన్నాడు.

ఒకే పాట ఒక్కోదాంట్లో పెడుతూ వెళ్ళాడు. అన్నిటికన్నా పెద్దదానికి నా కడుపులో పేగులు కదిలాయి, షాపు అద్దాలు అదిరాయి. దాన్నే తీసుకుంటుందనుకున్నాను. తను దాని మీద చెయ్యి పెట్టి, మొహం చిట్లించి, తీసేసింది. పక్కదాని దగ్గరికి వెళ్ళింది. అక్కడా కాసేపే. ఆ చివర, గాలి పోయే కన్నం కూడా లేకుండా అన్ని వైపులా మూసేసిన ఒక మధ్యరకం పెట్టె ఉంది. దాని దగ్గర కూర్చుంది. రెండు చేతులూ, గడ్డమూ దాని మీద ఆనించి కదలకుండా ఉండిపోయింది. పెద్దాయన పాట ఆపితే తలెత్తి చూసి, వేళ్ళు తాటించింది. ఇంకా కావాలి.

పెద్దాయన నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని మాకు చెప్పాడు. పెద్ద పెట్టె గట్టిగా మోగుతుంది గానీ ఒక దెబ్బ ఇంకో దెబ్బలో కలిసిపోయి మూలుగులా సాగుతుంది. మూసిన పెట్టెలో దెబ్బకి దెబ్బ విడిగా, శుభ్రంగా తెలుస్తుంది. కొనడానికి వచ్చిన వాళ్ళలో ఎక్కువమంది ముందు గట్టిగా మోగేదాని దగ్గరే ఆగుతారట. తను కూడా తన కార్లో అదే మూసిన పెట్టె పెట్టుకున్నానన్నాడు. మా ఆయన పిల్ల పక్కన కూర్చుని, తను పెట్టినట్టే తన చెయ్యీ పెట్టెకి ఆనించాడు. 

అదే తీసుకున్నాం. దానికి శక్తినిచ్చే ఆంప్ ఒకటి, ముందు సీడీలు పెట్టుకునే సెట్టు ఒకటి. తన సీటు పక్కనున్న తలుపులో కూడా ఒక స్పీకర్ పెట్టి, తలుపు రేకు వెనక మందపాటి తారుపట్టీలు అతికించాడు. లేకపోతే రేకు గిలగిలలాడి దెబ్బ చెడుతుందట. కాపాడుకోవడం గురించి కూడా చెప్పాడు. టెక్సస్ ఎండలో మూసి పెట్టిన కారు పొయ్యి లాంటిది కాబట్టి ముందు అద్దానికి ఎప్పుడూ తెర పెట్టాలి. ఆంప్ మీద సామాన్లు పడేసి దానికి ఊపిరాడకుండా చేయకూడదు. సెట్టు ముందు పలక ఊడి వస్తుంది, కారు దిగినప్పుడల్లా దాన్ని తీసి పెట్టెలో పెట్టుకుని వెంట తీసుకెళ్ళాలి, అది లేకపోతే దొంగకి ఆ సెట్టు పనికిరాదు. అన్నీ చెప్పి, చివర్లో నా చేతిలో మెత్తటి నారింజరంగు చెవిబిళ్ళల పొట్లం పెట్టాడు. ఇవి మీకు, అన్నాడు.

ఆ విధంగా మా కార్లో వినపడే మనిషి చెవులు మూసుకుని కూర్చుంటే, వినపడని మనిషి పాట వినేది.

మొదటిరోజు పాట లేకుండా మృదంగం, ఘటం మాత్రమే వాయించే తని ఆవర్తనం ఉన్న సీడీ పెట్టాను. మా వీధులు దాటి, లైబ్రరీ వెనక ఎవరూ లేని పార్కింగ్‌లో ఆగి, సౌండ్ పెంచాను. అద్దంలో చూస్తూ కూర్చున్నాను. తను తలుపుకి చెయ్యి ఆనించుకుంది. కాసేపటికి ఆ చేతిని తీసి గుండె మీద పెట్టుకుని, వేళ్ళు వణికించింది. మళ్ళీ తలుపు మీద. మళ్ళీ గుండె మీద. ఆ సైగ మా టీచర్ నేర్పినది కాదు. ఏ పుస్తకంలోనూ లేదు. అది తనే చేసుకుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో పాట అంటే అదే. తర్వాత ఆ సైగ చూసిన టీచర్ తను కూడా అదే వాడడం మొదలుపెట్టింది.

పాట తెలియడం వేరన్న మా ఆయన మాటకి జవాబు కొన్ని వారాల తర్వాత వచ్చింది. మా ఆయనకి ఇష్టమైన డప్పుల సీడీ ఒకటి, నేను చిన్నప్పుడు మా అమ్మ దగ్గర నేర్చుకున్న ఒక జోలపాట లాంటి నెమ్మది పాటల సీడీ ఒకటి, మధ్యలో మృదంగం. ఏది పెడుతున్నామో పిల్లకి కనపడకుండా మా ఆయన ముందు సీట్లో వంగి మార్చి మార్చి పెట్టాడు. డప్పు మొదలవగానే పిల్ల పిడికిళ్ళతో తొడల మీద కొట్టుకుంది. నెమ్మది పాటకి రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని ఊయల ఊపింది. మృదంగానికి వేళ్ళు ఆడించింది. తను మళ్ళీ మార్చాడు. మళ్ళీ అంతే. డప్పు పాటలో ఒకచోట వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఆగి, ఒక ఊపిరి తర్వాత మళ్ళీ మొదలవుతాయి. ఆ ఆగే చోటు రాకముందే అమ్మాయి రెండు చేతులూ గాల్లోకి ఎత్తింది. పాట ఆగింది. చేతులు దించింది. పాట మొదలైంది.

మా ఆయన సెట్టు ఆపేసి, వెనక్కి తిరిగి పిల్లని చూస్తూ ఉండిపోయాడు.

"బిడ్డకు పాట తెలుస్తున్నది," అన్నాడు. నాతో కాదు. ఎవరితోనూ కాదు.

మా వీధి చివర ఒక డాక్టర్ ఆంటీ ఉండేవారు. గుంటూరు నుంచి నేను పుట్టకముందే వచ్చి స్థిరపడి, చంటిపిల్లల డాక్టర్‌గా రిటైరైనావిడ. శబ్దం వల్ల పిల్లకి ఏమైనా హాని ఉంటుందా అని ఆవిణ్ణి అడిగాను. ఆవిడ నవ్వకుండా, కొట్టిపారెయ్యకుండా, చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని కారెక్కి పిల్ల పక్కన కూర్చుని, మొత్తం పాట విన్నారు. అమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుని తలుపు మీద ఎక్కడ పెట్టాలో చూపించింది. దిగాక ఆవిడ, ఎక్కువసేపు ఉంచొద్దనీ, పిల్లకి తల తిరుగుతున్నట్టుంటే ఆపెయ్యమనీ, నా చెవులు మాత్రం తప్పకుండా కాపాడుకోమనీ చెప్పారు. గుడి దగ్గర ఎవరో, చెవిటిపిల్లకి కార్లో అంత మోత ఎందుకో అన్నారని తెలిసి, వాళ్ళనే పిలిచి మా కార్లో కూర్చోబెట్టారు. వాళ్ళని ఎందుకు పిలిచారో నాకు చాలాకాలం తర్వాత తెలిసింది.

ఒకసారి పోలీసు కూడా ఆపాడు. ఇళ్ళ మధ్య వీధిలో సౌండ్ తగ్గించడం మరిచిపోయాను. చెవిబిళ్ళలు తీసి, సంగతి చెప్పాను. ఆయన వంగి వెనక సీట్లోకి చూశాడు. అమ్మాయి ఆయన బెల్టుకున్న సామానంతా ఆశ్చర్యంగా చూసి, గుండె మీద వేళ్ళు వణికించింది. ఏమంటోంది అని అడిగాడు. మీకు పాట ఉందా అని అడుగుతోంది అన్నాను. ఆయన తన కారు దగ్గరికి వెళ్ళి, సైరన్ లేకుండా లైట్లు మాత్రం తిప్పి చూపించాడు. అయినా హెచ్చరిక చీటీ రాసే ఇచ్చాడు. ఇళ్ళ మధ్య వద్దు, పెద్ద రోడ్డు మీద పెట్టుకోండి అన్నాడు. అప్పటి నుంచీ అలాగే చేశాం.

సెట్టు పలకకి కాపలా అమ్మాయే. నడక బాగా వచ్చాక ఆ పని తనే లాక్కుంది. కారు ఆపగానే నేను పలక ఊడదీసి ఇస్తే, దాన్ని కళ్ళద్దాల పెట్టె లాంటి దాని డబ్బాలో పెట్టి, టక్కున మూసి, ఛాతీకి అదుముకుని నడిచేది. కిరాణా కొట్టుకీ, డాక్టరు దగ్గరికీ, గుడికీ అది వచ్చేది. ప్రసాదానికి ఒక చెయ్యే చాచేది, రెండో చెయ్యి డబ్బాకి కావాలి కాబట్టి.

కానీ దొంగకి పలకతో పని లేదు. ఒక ఉదయం అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోకి వచ్చేసరికి కారు వెనక అద్దం ముక్కలై సీటు నిండా పంచదార పలుకుల్లా పడి ఉంది. డిక్కీలో చెక్కపెట్టె లేదు, ఆంప్ లేదు, తెగిన తీగలు మాత్రం ఉన్నాయి. ముందు సెట్టు జోలికి పోలేదు. అమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు దాటాయి. గాజు ముక్కలు ఊడ్చి, సీటు తుడిచేదాకా తనని దూరంగా ఉంచాం. తర్వాత ఎక్కి కూర్చుని, డబ్బా తెరిచి పలక నాకు అందించింది. నేను పెట్టాను. సెట్టు దీపం వెలిగింది. తను తలుపు మీద చెయ్యి పెట్టింది. తలుపు స్పీకర్‌కీ ఆ ఆంప్ నుంచే తీగ. ఏమీ రాలేదు.

సౌండ్ పెంచమంది. పెంచాను. చెయ్యి మార్చింది. చెంప పెట్టింది. తర్వాత నా వైపు తిరిగి, నెమ్మదిగా, ఒక్కో సైగ విడదీసి అడిగింది.

"పాటకి జ్వరమా? నాకు చెవులు లేనట్టు, తలుపుకి కూడా లేవా?"

నాకు చేతులు ఆడలేదు. చేతులతో మాట్లాడే ఇంట్లో చేతులు ఆడకపోవడమంటే మాట పడిపోవడమే. అంతవరకూ పోలీసులకి ఫోన్ చేస్తూ బయట నిలబడ్డ మా ఆయన, అద్దంలోంచి ఆ సైగలు చూశాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆఫీస్ చొక్కా చేతులు మడిచాడు. కారు కప్పు మీద రెండు అరచేతులతో కొట్టడం మొదలుపెట్టాడు.

పెళ్ళయి ఏడేళ్ళయినా తనకి డప్పు వచ్చని నాకు తెలియదు. చిన్నప్పుడు బతుకమ్మ రోజుల్లో, ఊరేగింపుల్లో వాయించేవాళ్ళ పక్కన నిలబడి నేర్చుకున్నాడట, ఆ తర్వాత చెప్పాడు. ఆ ఉదయం మాత్రం కప్పు మీద కొట్టాడు, తలుపు మీద కొట్టాడు, డిక్కీ మూత మీద కొట్టాడు. కారు చుట్టూ తిరుగుతూ కొట్టాడు. పైన రేకు ఉరిమినట్టు మోగుతుంటే లోపల కూర్చున్న నాకు నెత్తిన, వీపున, కాళ్ళ కింద దరువు తెలిసింది. అమ్మాయి ముందు ఉలిక్కిపడింది. తర్వాత రెండు చేతులూ పైకెత్తి కప్పుకి ఆనించింది. మా ఆయన ఎక్కడ కొడితే ఈ పిల్ల అరచేతులు అక్కడికి వెళ్ళేవి, రేకుకి ఆ వైపు నాన్న చేతులు, ఈ వైపు కూతురి చేతులు. అపార్ట్‌మెంట్ వాళ్ళు బాల్కనీల్లోకి వచ్చారు. పక్కింటి మెక్సికన్ తాతగారు కాఫీ కప్పుతో మెట్ల మీద నిలబడి కాలితో తాళం వేశారు. వాయించడం ఒక్కసారిగా ఆపి, ఒక ఊపిరి నిలిపి, మా ఆయన మళ్ళీ మొదలుపెట్టినప్పుడు పిల్ల కేక పెట్టి నవ్వింది. నేను ఏడుస్తూ పాడాను. ఏం పాడానో గుర్తులేదు. రెండేళ్ళకి పైగా మూసుకున్న గొంతు కాబట్టి చాలా బొంగురుగా వచ్చి ఉంటుంది. అయినా పాడాను.

మళ్ళీ అదే షాపుకి వెళ్ళాం. పెద్దాయన విరిగిన అద్దాన్ని చూసి, మూసిన పెట్టె వద్దు, ఇంకో మార్గం ఉందన్నాడు. సీటు కింద నేలకి బోల్టులతో బిగించే పల్చటి సబ్‌వూఫర్ ఒకటి చూపించాడు. బయటికి కనపడదు, ఊడదీయాలంటే సీటు మొత్తం తియ్యాలి. ఈసారి ఎంపిక చెయ్యడానికి అమ్మాయికి మాటలు వచ్చాయి. స్పీకర్ల మీద ఒక్కొక్కదాని మీదా చెయ్యి పెట్టి, ఇది లావు, ఇది తడి, దీనికి అంచులు లేవు అని చెబుతూ పోయింది. నేను ఇంగ్లీషులోకి మార్చి చెబుతుంటే పెద్దాయన ప్రతి మాటకీ తలూపాడు. తడి అంటే ఏమిటో నాకు తెలియలేదు గానీ ఆయనకి తెలిసింది. ఆ పల్చటిదాని మీద తను చెప్పులు విప్పి నిలబడింది. ఇది ఎండిన నేల అంది. అదే బిగించారు, సరిగ్గా తన సీటు కింద.

బడికి వెళ్ళడం మొదలయ్యాక తనకి స్నేహితులు వచ్చారు, తనలాగే చేతులతో మాట్లాడేవాళ్ళు. ఒక పుట్టినరోజుకి వాళ్ళందరినీ మా ఇంటి ముందు ఆపిన కార్లో కూర్చోబెట్టింది. ఒక్కొక్కరికీ ఎక్కడ చెయ్యి పెట్టాలో, ఎక్కడ పాదం పెట్టాలో నేర్పింది. నేను అద్దాలన్నీ ఎక్కించి పాట పెట్టి బయట నిలబడ్డాను. లోపల పిల్లలందరూ పాటలో ఒక్క చోటే కళ్ళు పెద్దవి చేశారు, ఒక్క చోటే చేతులెత్తారు. బయటికి దరువు, వాళ్ళ నవ్వులు తప్ప ఇంకేం వినపడలేదు. నేను విన్న ఏ కచేరీలోనూ శ్రోతలు అలా వినగా చూడలేదు.

ఆ కారు పోయింది, ఇంకోటి వచ్చింది, అదీ పోయింది. సొంత ఇంట్లోకి మారాం. సీడీలు పోయి పాటలు ఫోన్‌లోకి వచ్చాయి. పలక ఊడదీసే సెట్లే లేకుండా పోయాయి, దొంగలకి కార్లలో ఇప్పుడు వేరే వస్తువులు కావాలి. ప్రతి కారుకీ సీటు కింద ఆ పల్చటి పెట్టె మాత్రం బిగిస్తూనే వచ్చాం. ఎండకి తెర పెట్టడం మానలేదు.

పదిహేనేళ్ళు నిండగానే డ్రైవింగ్ నేర్చుకుంటానంది. చెవులు వినపడనివాళ్ళు మామూలుగానే డ్రైవ్ చేస్తారనీ, వాళ్ళు కళ్ళతో రోడ్డుని ఎక్కువ జాగ్రత్తగా చూస్తారనీ తనే చదివి మాకు చెప్పింది. పర్మిట్ వచ్చిన మొదటి ఆదివారం పొద్దున్నే తను స్టీరింగ్ ముందు, నేను పక్కన, వాళ్ళ నాన్న వెనక. బడి పార్కింగ్ ఖాళీగా ఉంది. తనకి ధైర్యంగా ఉంటుందని నేను అలవాటు కొద్దీ పాట పెట్టాను. రెండు చుట్లు తిరిగిందో లేదో, బ్రేకు వేసి, సెట్టు ఆపేసింది.

"ఏమైంది?" అని అడిగాను.

"పాట ఉంటే కారు ఏం చెబుతోందో తెలియడం లేదు," అంది. చేతులు మళ్ళీ స్టీరింగ్ మీద పెట్టబోయి ఆగి, ఇంకో మాట చెప్పింది. "ముందు ఎడమ చక్రం దగ్గర ఏదో సరిగ్గా లేదు. గరుగ్గా ఉంది."

మా ఆయన దిగి చూశాడు. టైరులో గాలి ఉంది. తను నడిపి చూస్తే ఏమీ తెలియలేదు. నాకూ తెలియలేదు. అయినా మర్నాడు మెకానిక్ దగ్గర పెట్టాం. చక్రం తిరిగే చోట లోపల బేరింగ్ అరుగుతోందట, శబ్దం ఇంకా పైకి రాలేదు, ఎలా పట్టుకున్నారని అడిగాడు. మా అమ్మాయి చెప్పింది అన్నాడు మా ఆయన. ఎంత పొడుగ్గా నిలబడి అన్నాడో నేను పక్కనుండి చూశాను.

బేరింగ్ మార్చాక, తరువాతి ఆదివారం పెద్ద రోడ్డు మీదికి తీసుకెళ్ళాను. బయల్దేరే ముందు తను నన్ను చెప్పులు విప్పమంది. పాదాలు మ్యాట్ మీద కాదు, మ్యాట్ జరిపి కారు నేల మీద పెట్టమంది. కాసేపు కళ్ళు మూసుకోమంది. కొత్తగా డ్రైవ్ చేస్తున్న పిల్ల పక్కన కళ్ళు మూసుకోవడానికి నాకు ధైర్యం చాల్లేదు. నేను రోడ్డు చూస్తాను, నువ్వు ముయ్యి అని మా ఆయన వెనకనుంచి నా భుజం తట్టాడు.

మూసుకున్నాను. మొదట వణుకు తప్ప ఏమీ తెలియలేదు. కొంతదూరం పోయాక ఆ వణుకు విడిపోవడం మొదలైంది. ఇంజిన్‌ది ఒకటి, మడమల దగ్గర సన్నగా, విడవకుండా. రోడ్డుది ఇంకోటి, వేళ్ళ దగ్గర. ఒకచోట రోడ్డు నున్నగా అయిపోయి, పాదాల కింద ఎవరో పట్టుగుడ్డ లాగినట్టయింది. తర్వాత సిమెంటు పలకల అతుకులు వచ్చాయి, టక్కు టక్కుమని, తాళం తప్పకుండా. ఉన్నట్టుండి కింద అంతా గుల్లగా, లోతుగా అయిపోయింది, పెద్ద కుండ మీద అరచేత్తో తట్టినట్టు. కళ్ళు తెరిచాను. మేం వంతెన మీద ఉన్నాం. కింద ఇంకో రోడ్డు, దాని మీద కార్లు. పక్కన మా అమ్మాయి రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, తిన్నగా ముందుకి చూస్తూ నడుపుతోంది. నేను కళ్ళు మళ్ళీ మూసుకున్నాను.